పోలీసు శాఖలో చాప్లిన్ సేవ: ఐదు రోజుల శిక్షణ, రెండేళ్ల వాడకం

ఇక్కడ అమెరికాలో, మా ఊరి పోలీసు శాఖలో చాప్లిన్‌గా చేరానని ఫోనులో చెబితే మా అక్కయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఈ వయసులో టోపీ పెట్టుకుని, కర్ర తిప్పుకుంటూ ఏం వేషాలురా?" అంది. చార్లీ చాప్లిన్‌కూ ఈ ఉద్యోగానికీ ఏ సంబంధమూ లేదని వివరించడానికి పది నిమిషాలు పట్టింది. అప్పటికీ నమ్మినట్లు లేదు. అందుకని మీకు ముందే చెప్పేస్తున్నాను. చాప్లిన్ అంటే సైన్యంలోనో, ఆసుపత్రిలోనో, జైల్లోనో, పోలీసు శాఖలోనో కష్టంలో ఉన్నవారి పక్కన ఉండటానికి నియమించిన ధార్మిక వ్యక్తి. మన సైన్యంలోనూ ఈ పద్ధతి ఉంది. పండిట్, గ్రంథీ, మౌల్వీ, పాద్రీ అని పేర్లు పెట్టి జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ హోదాలో ధర్మగురువులను తీసుకుంటారు. మన పోలీసులకు మాత్రం అలాంటి వారెవరూ లేరు. ఆ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, ఎందుకో తర్వాత చెబుతాను.

నేను ముప్పై ఏళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి పదవీ విరమణ చేశాను. ఏ వస్తువు చేతికొచ్చినా అది ఎలా పనిచేస్తుందో కాదు, ఎక్కడ విరుగుతుందో చూడటం అలవాటు. మా ఊరు టెక్సాస్‌లో, డల్లాస్‌కు ఉత్తరాన ఉంది. వీధికి నాలుగు తెలుగు ఇళ్లున్న ఊళ్లలో అదొకటి. మూడేళ్ల క్రితం ఇక్కడి పోలీసు శాఖ స్వచ్ఛంద చాప్లిన్ల బృందాన్ని ఏర్పాటు చేయాలనుకుంది. గుడి దగ్గర అంటించిన కాగితం చూసి వెళ్లాను. ఏడుగురిని తీసుకున్నారు. ఒక బాప్టిస్టు పాస్టరు, ఒక కాథలిక్ డీకన్, ఇద్దరు మెథడిస్టులు, ఒక ఇమామ్, పదవీ విరమణ చేసిన ఒక నర్సు, నేను. ఐదు రోజుల శిక్షణకు మూడు వందల యాభై డాలర్లు నా జేబులోంచే కట్టాను. శిక్షణ ఇచ్చిన సంస్థ పేరు చెప్పను. ఇక్కడ నేను తూచి చూస్తున్నది ఆ శిక్షణనూ, దాని మీద నిలబెట్టిన ఈ సేవనూ. ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్క నక్షత్రం కథే కాస్త పెద్దది.

ముందు దరఖాస్తు. వేలిముద్రలు, పాత నేరాల విచారణ, డ్రైవింగ్ చరిత్ర, ఇవన్నీ సబబే. ఆరో పేజీలో 'మతాచార్యుడిగా దీక్ష పొందిన తేదీ' అని ఒక గడి ఉంది. అది నింపకపోతే కంప్యూటర్ తర్వాతి పేజీకి పోనివ్వదు. నాకు దీక్షా లేదు, తేదీ కూడా లేదు. రెండు రోజులు ఆలోచించి ఉపనయనం జరిగిన తేదీ వేశాను. ఆ లెక్కన పదకొండో ఏటనే మతాచార్యుణ్ణి అయ్యాను. దానితో పాటు మన మత సంస్థ నుంచి సమ్మతి పత్రం కావాలన్నారు. చర్చిలకు ఇది మామూలు వ్యవహారం, ఉత్తరం నమూనా కూడా తయారుగా ఉంటుంది. మా గుడి కమిటీ కార్యదర్శి ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి "ఇది విరాళమా, వసతి గది బుకింగా?" అని అడిగారు. చివరికి 'వీరు ప్రతి శనివారం వచ్చి ప్రసాదం వడ్డనలో సాయపడతారు' అని రాసి ముద్ర వేశారు. శాఖ వారు దాన్నే అంగీకరించారు. ఈ లోపం గురించి మొదటి వారమే రాసి ఇచ్చాను. ఇప్పుడు ఆ గడి ఐచ్ఛికం.

ఇదంతా పోలీసుల చాదస్తం అనుకోవద్దు. ఈ దేశంలో ప్రభుత్వం ఏ మతాన్నీ నెత్తిన పెట్టుకోకూడదు, రాజ్యాంగం మొదటి సవరణ అదే చెబుతుంది. నార్త్ కరోలినాలోని షార్లెట్ నగరం ఒక చర్చితో ఒప్పందం చేసుకుని పోలీసు చాప్లిన్ జీతంలో భాగం భరించబోతే, 1980లో ఫెడరల్ కోర్టు అది చెల్లదని తీర్పు ఇచ్చింది. మాకు శిక్షణలో మొదటి రోజు మధ్యాహ్నమంతా ఈ కేసు మీదే నడిచింది. జీతం లేని స్వచ్ఛంద సేవ, ఒకే మతానికి చెందని బృందం, అడగనిదే ప్రార్థన చేయకపోవడం, ఎవరినీ తన మతంలోకి పిలవకపోవడం, మా నియమావళిలోని ఈ నాలుగూ అక్కడి నుంచి వచ్చినవే. భోజన విరామంలో బాప్టిస్టు పాస్టరు నా పక్కకు వచ్చి "అడగనిదే ప్రార్థించకుండా ఉండటం నాకు చాలా కష్టం" అన్నారు. "నాకు చాలా సులువు" అన్నాను. అప్పటి నుంచీ మేమిద్దరం మంచి స్నేహితులం.

చాప్లిన్ అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఆ రోజే తెలిసింది. మార్టిన్ అనే రోమన్ సైనికుడు చలికి వణుకుతున్న బిచ్చగాడికి తన అంగీని రెండుగా కోసి సగం ఇచ్చాడట. ఆ అంగీని లాటిన్‌లో కప్ప అనేవారు, దాన్ని కాపాడే పూజారుల పేరు నుంచి ఈ మాట పుట్టింది. కథ బాగుంది. మాకిచ్చిన అంగీ మాత్రం బాగాలేదు. ముదురు నీలం కోటు, వీపు మీద పసుపు అక్షరాలు, ఛాతీ మీద బిళ్ల. పది అడుగుల దూరం నుంచి చూస్తే అచ్చం పోలీసు. రాత్రి పదకొండింటికి తలుపు తడితే లోపలివాళ్లు ముందు భయపడతారు, కాగితాల సంగతి తేలని వలస కుటుంబమైతే అసలు తలుపే తీయరు. బూడిద రంగు కోటు కావాలని ఏడాది పాటు అడిగితే ఇచ్చారు. తూటా ఆపే లోపలి కవచం మాత్రం మార్చలేదు. ఆగస్టులో టెక్సాస్ ఎండలో దాన్ని వేసుకుని అరగంట నిలబడితే తెలుస్తుంది, కవచం ఎవరి నుంచి ఎవరిని కాపాడుతోందో.

శిక్షణలో అంశాలు పన్నెండు. ఇంటర్నేషనల్ కాన్ఫరెన్స్ ఆఫ్ పోలీస్ చాప్లిన్స్ అని 1973 నుంచి ఉన్న సంస్థ ఒకటుంది. ప్రాథమిక స్థాయికి ఆ సంస్థ పెట్టుకున్న పన్నెండు పాఠాలే దాదాపు అందరికీ నమూనా. మరణవార్త తెలపడం, ఒత్తిడి, ఆత్మహత్య, మద్యం వ్యసనం, పోలీసుల కుటుంబ జీవితం, విధి నిర్వహణలో గాయం లేదా మరణం, గోప్యత, ఇలా. అన్నిటి గురించీ రాయను. వేడుకలూ లాంఛనాలూ అన్న పాఠం నిద్రపుచ్చింది. ఏ జెండా ఎన్ని మడతలు వేయాలో మూడు గంటలు వినడానికి నాకు ఓపిక లేదు.

మరణవార్త పాఠం ఒక్కటే మూడు వందల యాభై డాలర్లూ చేస్తుంది. సూత్రాలు ఐదే. స్వయంగా వెళ్లాలి. ఆలస్యం చేయకూడదు. ఇద్దరు వెళ్లాలి. సూటి మాటల్లో చెప్పాలి. దయతో చెప్పాలి. చెప్పాల్సింది మొదటి నిమిషంలోనే చెప్పాలి, 'చనిపోయారు' అన్న మాటే వాడాలి. 'మనల్ని విడిచి వెళ్లారు', 'ఇక లేరు' లాంటివి వాడితే, వినేవాడి మనసు ఆ మాటల సందుల్లోంచి తప్పించుకుని 'ఎక్కడికి వెళ్లాడు? ఏ ఆసుపత్రి?' అని అడుగుతుందట. పాఠం చెప్పింది ఒక రిటైర్డు సార్జెంటు. మమ్మల్ని ఒక్కొక్కరినీ తలుపు బయట నిలబెట్టి, లోపల తాను తల్లిగా కూర్చుని మా చేత చెప్పించారు. నా వంతు వచ్చినప్పుడు ఇంగ్లీషులో తడుముకోకుండానే చెప్పాను. హోటలు గదికి వెళ్లి అద్దం ముందు అదే తెలుగులో చెప్పి చూశాను. నోరు రాలేదు. కాలం చేశారు, పోయారు, దక్కలేదు, దైవాధీనమయ్యారు, పరమపదించారు, మన భాషలో పక్కకు తప్పుకునే మాటలకు కొదవ లేదు. సూటి మాట ఒక్కటే గొంతులో అడ్డం పడుతుంది.

మా నాన్నగారు రేపల్లె దగ్గర పోలీసు హెడ్ కానిస్టేబుల్. రైలు పట్టాల మీదో, కాలవలోనో ఎవరైనా చనిపోతే ఆ కబురు ఊరికి మోసుకెళ్లే పని తరచుగా ఆయన మీదే పడేది. సర్పంచినో, ఆ వీధి పెద్దనో వెంటబెట్టుకుని వెళ్లి, అరుగు మీద కూర్చుని, ముందు మంచినీళ్లు అడిగేవారట. నీళ్లు తాగాక చెప్పేవారట. చెప్పిన తర్వాత ఆ ఇంట్లో నీళ్లు అడగలేం కదా అనేవారు. ఆ రోజుల్లో ఆయన ఇంటికి వచ్చినట్లు మాకు నూతి దగ్గర చప్పుడును బట్టి తెలిసేది. నాలుగు చేదలు నెత్తిన పోసుకుని, తడి బట్టలతో లోపలికి వచ్చి, పలకరించకుండా పడుకునేవారు. అమ్మ అన్నం పళ్లెం మీద మూత పెట్టి ఉంచేది. ఏ ఊరు వెళ్లారో, ఎవరి ఇల్లో మేం అడగకూడదు. ఏటా అక్టోబరు 21న, 1959లో లడఖ్‌లో చనిపోయిన పదిమంది పోలీసుల స్మారకంగా జరిపే కవాతుకు ఇస్త్రీ బట్టలు వేసుకుని వెళ్లేవారు. చనిపోయిన పోలీసులకు ఒక రోజు ఉంది. బతికి ఇంటికి వచ్చి మూత పెట్టిన పళ్లెం పక్కన పడుకున్నవారి కోసం ఏమీ ఉండేది కాదు. నేను ఆ దరఖాస్తు ఎందుకు నింపానని మా ఆవిడ అడిగితే ఈ నూతి సంగతే చెప్పాను.

ఇక్కడ మే 15న అలాంటి స్మారక దినం ఉంది, 1962లో కెనెడీ ప్రకటించింది. కానీ మా చీఫ్‌గారు ఈ సేవ మొదలుపెట్టింది ఆ రోజు కోసం కాదు. 2016 జులై 7న డల్లాస్‌లో ఐదుగురు పోలీసులను కాల్చి చంపినప్పుడు ఆయన ఆ అంత్యక్రియల బందోబస్తులో ఉన్నారట. తనతో పాటు నిలబడ్డవారిలో కొందరు తర్వాతి ఏళ్లలో ఉద్యోగం వదిలేసిన తీరు చూసి, ఏదో ఒకటి చేయాలనుకున్నారని మొదటి సమావేశంలో చెప్పారు. నగర మండలికి ఇచ్చిన ప్రతిపాదనలో ఈ మాటలేవీ లేవు. బీమా, బాధ్యత, ఖర్చు, అన్నీ అంకెలే. అలాగే ఉండాలి కూడా.

బయటివాళ్లకు తెలియనిది ఏమిటంటే, ఈ సేవలో ముప్పాతిక వంతు పోలీసుల కోసమే. నెలకు రెండుసార్లు ఎనిమిది గంటలు గస్తీ కారులో పక్క సీట్లో కూర్చోవాలి. మొదటి నెలల్లో నాతో ఎవరూ మాట్లాడలేదు. చీఫ్ పంపిన గూఢచారి అనుకున్నారు. నేనూ అడగలేదు. రేడియో వింటూ, వాళ్లు తాగే ఆ చేదు కాఫీ తాగుతూ కూర్చునేవాణ్ణి. ఒక కుర్రాడి గురించి చెబుతాను, గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. అంతకు ముందు వారం ఒక ఇంటి ఈతకొలనులోంచి పిల్లవాణ్ణి బయటికి తీసింది అతనే. ఆ సంగతి నాకు తెలుసని అతనికి తెలుసు. ఆరు గంటలు క్రికెట్ గురించి అడిగాడు. టీ20లో మైదానం గీతలేమిటి, ఎల్‌బీడబ్ల్యూ అంటే ఏమిటి అని. ఓపిగ్గా చెప్పాను. ఏడో గంటలో పెట్రోలు బంకు దగ్గర కారు ఆపి, ఇంజను ఆపకుండా, "వాడి కాలికి ఒకే చెప్పు ఉంది. రెండోది ఎక్కడుందోనని వెతుకుతున్నాను, ఇంకా వెతుకుతున్నాను" అన్నాడు. నేను ఏమీ అనలేదు. ఏం అనాలో శిక్షణలో నేర్పారు, అందులో ఎక్కువ భాగం ఏమీ అనకుండా ఉండటమే. నెల తర్వాత శాఖ కౌన్సిలరు దగ్గరికి తనే వెళ్లాడు. మా పని అక్కడి దాకా తోడు వెళ్లడం. వైద్యం మా పని కాదని శిక్షణలో పదేపదే చెప్పారు, చెప్పి మంచి పని చేశారు.

గోప్యత పాఠం మీద నాకు గొడవే అయింది. టెక్సాస్ సాక్ష్య నియమాల్లో 505వ నియమం ప్రకారం మతాచార్యుడికి ఆధ్యాత్మిక సలహా కోసం ఆంతరంగికంగా చెప్పిన మాటను కోర్టులో బయటపెట్టమనకుండా రక్షణ ఉంటుంది. "నేను ఏ గుడికీ పూజారిని కాను. ప్రసాదం వడ్డించేవాడికి ఈ రక్షణ వర్తిస్తుందా?" అని అడిగాను. చెప్పేవాడు నిన్ను మతాచార్యుడని సబబుగా నమ్మితే చాలునని నియమంలోనే ఉందన్నారు. మరి క్రికెట్ గురించి మాట్లాడుతూ చెప్పింది ఆధ్యాత్మిక సలహాయేనా అంటే, శిక్షకుడు నవ్వేసి తర్వాతి పేజీకి వెళ్లిపోయారు. నవ్వి దాటేయాల్సిన చోటు కాదు అది. ఒకటి మాత్రం స్పష్టంగా చెప్పారు. పిల్లల మీద అఘాయిత్యం గురించి తెలిస్తే ఈ రాష్ట్రంలో మతాచార్యుడైనా సరే ఫిర్యాదు చేసి తీరాలి, ఆ విషయంలో ఏ గోప్యతా లేదు. ఇప్పుడు నేను కారు ఎక్కగానే ఆ ముక్క ముందే చెప్పేస్తాను.

తగ్గించిన నక్షత్రం దగ్గరికి వస్తాను. శిక్షణ పుస్తకంలో 'ఇతర విశ్వాసాలు' అని ఒక అధ్యాయం. అందులో హిందువులకు ఒకటిన్నర పేజీ, అందులో సగం మేం మాంసం తినమని. మా ఇంట్లో ఆదివారం ఏం వండుతారో ఆ రచయితకు తెలియదు పాపం. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరని, ఇరుగుపొరుగే అన్నం తెచ్చి పెడతారని లేదు. కాబట్టి మా బృందం వాళ్లు ఒక తెలుగు ఇంటికి వెళ్లి, మెడికల్ ఎగ్జామినర్, అంటే మరణ కారణం తేల్చే ప్రభుత్వ వైద్యుడి మనుషులు వచ్చేదాకా రెండు గంటలు కూర్చుని, ఆ ఇంటి పెద్దావిడను టీ పెట్టుకోమని బతిమాలారు. ఆమెను ఏదో ఒక పనిలో పెడితే మంచిదని వాళ్ల ఉద్దేశం. ఆమె లేవలేదు. మొండితనం అని నివేదికలో రాశారు. నేను వెళ్లి ఆ మాట కొట్టేయించాను.

కానీ అసలు లోపం అది కాదు. ఆ ఐదు సూత్రాలూ కుటుంబం ఇదే ఊళ్లో ఉంటుందని అనుకుని రాసినవి. కిందటి సంవత్సరం వేసవిలో ఒక శనివారం రాత్రి తొమ్మిది నలభైకి నాకు పిలుపు వచ్చింది. కారు ప్రమాదం, ఇరవై ఆరేళ్ల కుర్రాడు, ఎం.ఎస్. చదివి ఉద్యోగంలో చేరి ఏడాది. అతని గదిలో ఉన్న ముగ్గురు కుర్రాళ్లకు నేనే చెప్పాను, చనిపోయాడనే చెప్పాను. తల్లిదండ్రులు గుంటూరు జిల్లాలో. అక్కడ అప్పటికి ఆదివారం ఉదయం ఎనిమిది దాటింది. స్వయంగా వెళ్లడం ఎలా? పుస్తకంలో జవాబు లేదు. ఫోను చేసి చెప్పేయమన్నాడు పక్కనున్న సార్జెంటు. నేను వద్దన్నాను. ఆ ఊళ్లోనే అతని మేనమామ ఉన్నాడని స్నేహితులు చెప్పారు. ఆయనకు ఫోను చేసి, నేనెవరో, ఎక్కడి నుంచో చెప్పి, విషయం చెప్పాను. ఆయన నిలదొక్కుకున్నాక, "మీతో ఇంకొకరిని తీసుకుని, ఇప్పుడే వెళ్లి, అక్కా బావల పక్కన కూర్చుని చెప్పండి" అన్నాను. ఆయన "సీరియస్‌గా ఉందని చెబుతానండీ, మెల్లగా..." అన్నాడు. "అలా చెప్పకండి" అన్నాను. సరేనన్నాడు.

సరేనన్నాడు గానీ చెప్పలేదు. ఆయన్ను తప్పు పట్టలేను. టెలిగ్రాముల కాలం నుంచీ మనం అదే మాట పంపుతున్నాం, 'సీరియస్, వెంటనే బయలుదేరండి' అని. మా తాతగారి చావు కబురు మా నాన్నగారికి వచ్చింది కూడా ఆ మాటతోనే. అందరికీ అర్థం తెలిసిన అబద్ధం అది అనుకునేవాణ్ణి. ఆ తల్లికి అర్థం కాలేదు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు గానీ ఇంట్లో నిజం చెప్పలేదు.

మూడో రోజు ఆవిడే నాకు ఫోను చేశారు. శవాన్ని పంపడానికి కావలసిన కాగితాల గురించి అనుకుని అన్నీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. మరణ ధ్రువపత్రం, శవం పాడవకుండా మందులు ఎక్కించారన్న ఎంబామింగ్ పత్రం, అంటువ్యాధి లేదన్న పత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు, హ్యూస్టన్‌లోని మన కాన్సులేటు నిరభ్యంతర పత్రం. ఆవిడ అవేవీ అడగలేదు.

"అన్నయ్యగారూ, మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఉదయం ఎనిమిదింటికమ్మా. మీ టైము."

అటువైపు లెక్క వేసుకుంటున్నట్లు తెలిసింది.

"మా తమ్ముడు వచ్చి సీరియస్ అని చెప్పగానే ముడుపు కట్టానండీ. పసుపు గుడ్డలో పదకొండు రూపాయలు. అప్పటికే... ఆ ముడుపు ఇప్పుడు ఏం చేయాలి? విప్పేయాలా?"

పన్నెండు పాఠాల్లో ఎక్కడా లేని ప్రశ్న. కనుక్కుని చెబుతానమ్మా అన్నాను. మా గుడి పూజారిగారిని అడిగితే ఆయన చాలాసేపు ఆలోచించి, "విప్పొద్దు. కట్టినప్పుడే అది స్వామిది అయిపోయింది. మైల తీరాక హుండీలో వేయమనండి" అన్నారు. అదే చెప్పాను. "సరేనండీ" అని పెట్టేశారు.

ఆ తర్వాత మా శాఖ నియమావళిలో ఒక పేజీ చేర్పించాను. కుటుంబం వేరే దేశంలో ఉంటే అదే ఊళ్లో ఉన్న బంధువును ముందు పట్టుకోవాలి, ఇద్దరిని పంపాలి, వాళ్లు ఆ ఇంటి గడప దాటి లోపలికి వెళ్లేదాకా ఫోను పెట్టేయకూడదు. 'సీరియస్' అన్న మాటను తెలుగులో రాసి, పక్కన 'ఈ మాట చెప్పనివ్వవద్దు' అని ఇంగ్లీషులో రాయించాను. బాప్టిస్టు పాస్టరు ఆ మాట పలకడం సాధన చేస్తున్నారు, బాగానే వస్తోంది. శిక్షణ సంస్థకూ ఆ పేజీ పంపాను. అందిందని జవాబు వచ్చింది. పుస్తకం కొత్త ముద్రణలో చేరుస్తారో లేదో చూడాలి. చేరిస్తే ఆ నక్షత్రం తిరిగి ఇస్తాను.

చేరాలనుకునే తెలుగువారు ఎవరైనా ఉంటే కొన్ని ముక్కలు. వంట బాగా చేసేవారిని, నోరు తక్కువ వాడేవారిని మా చీఫ్‌గారు ముందు తీసుకుంటారు. శిక్షణలో శాకాహారం అంటే ఆకులే పెడతారు, ఐదు రోజులకూ పెరుగన్నం డబ్బా వెంట తీసుకెళ్లండి. దరఖాస్తు ఆరో పేజీలో ఆ గడి ఖాళీగా వదిలేయవచ్చు.